కాళ్ళు పట్టే ఉద్యోగం

మన భాషలో కాళ్ళకి జరిగినంత అవమానం పాపం ఇంకే అవయవానికీ జరగలేదనుకుంటాను. సిఫార్సుతో ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి "వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని పైకొచ్చాడు" అంటాం. పౌరుషం గలవాడైతే "ఒకళ్ళ కాళ్ళు పట్టే రకం కాదండీ" అని మెచ్చుకుంటాం. ఆ కాళ్ళే మొగుడుగారివై, పట్టేది పెళ్ళామయితే మాత్రం అది పాతివ్రత్యమై, కేలండర్ బొమ్మగా గోడకెక్కుతుంది. శేషతల్పం మీద స్వామివారు తలకింద చెయ్యి పెట్టుకుని హాయిగా పవళించి ఉంటారు. లక్ష్మీదేవి పాదాల దగ్గర కూర్చుని ఒత్తుతూ ఉంటుంది. ఆవిడ చేతులు నొప్పెడతాయేమోనన్న అనుమానం ఏ చిత్రకారుడికీ వచ్చినట్టు లేదు.

ఇలాంటి భాషలో పుట్టి పెరిగిన మా కుటుంబానికి, మా పిన్ని కూతురు నలభై రెండో ఏట అమెరికానించి ఫోన్ చేసి, "నేను మసాజ్ థెరపీ నేర్చుకుని లైసెన్సు తీసుకుంటాను, రిఫ్లెక్సాలజీ కూడా చేస్తాను" అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పేరు రాయొద్దని ఒట్టు వేయించుకుంది కనుక దాన్ని చెల్లాయి అనే అంటాను. ఇరవై రెండో ఏట పెళ్ళయి టెక్సాస్‌లో డాలస్ దగ్గర కాపురానికి వెళ్ళింది. విజయవాడలో చదివిన బి.ఏ. అక్కడ పెట్టెలోంచి బయటికి రాలేదు. పిల్లవాడు, వంట, పిల్లవాడి ఈత, పిల్లవాడి కరాటే. కొడుకు కాలేజీలో చేరిన ఏడాదే మా మరిదిగారు తన దారి తాను చూసుకున్నాడు. ఆ కథ నేనిక్కడ చెప్పను, అందులో కొత్తేమీ లేదు. మిగిలిందేమిటంటే అద్దె ఇల్లు, సిటిజన్‌షిప్పు, రెండు చేతులు. కొన్నాళ్ళు మనవాళ్ళ కిరాణా కొట్లో బిల్లులు కొట్టింది. ఆ తర్వాత వచ్చింది ఈ ఆలోచన.

వాట్సాప్‌లో కుటుంబ సభ జరిగింది. అయిదు కిటికీల్లో అయిదు మొహాలు. దాని అన్నయ్య, అంటే మా తమ్ముడు, "కాళ్ళు పట్టే ఉద్యోగమా? అందుకా నిన్ను అమెరికా పంపింది?" అన్నాడు. (పంపింది వాడు కాదు. బాబాయి రిటైర్మెంటు డబ్బు.) పెద్దమ్మ కళ్ళొత్తుకుంది. పిన్ని ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి కూడానా?"

ఎవరూ మాట్లాడలేదు. చెల్లాయి మెల్లిగా, "లైసెన్సులో అలా రాసి ఉండదమ్మా" అంది. సభ అంతటితో ముగిసింది.

నిరుడు నేను దాని దగ్గర ఆరు వారాలున్నాను. వంటింటి బల్లమీద పప్పు డబ్బా పక్కన ఇంతలావు పుస్తకాలు. ఫ్రిజ్ తలుపుమీద మనిషి వీపు కండరాల బొమ్మ. పాలు తీసుకోబోయినప్పుడల్లా ఆ చర్మం లేని వీపు నన్ను పలకరించేది. "ఇంత చదువెందుకే దీనికి? మన ఊళ్ళో చదివి చేశారా ఎవరైనా?" అన్నాను. అది ఓ కాగితం తీసి నా ముందు పెట్టింది. ఆర్ట్స్ చదివినదాన్ని గనక కాగితం కనిపిస్తే చదవకుండా వదలను.

టెక్సాస్‌లో డబ్బు పుచ్చుకుని ఒక మనిషికి మసాజ్ చెయ్యాలంటే 500 గంటల చదువుండాలి. అందులో చేత్తో చేసే పద్ధతులకి 200 గంటలు. అందులోనూ 125 గంటలు స్వీడిష్ పద్ధతికే. శరీర నిర్మాణానికి 50, శరీరం పనిచేసే తీరుకి 25, కండరాలూ కీళ్ళూ కదిలే శాస్త్రానికి 50, జబ్బుల గురించి 40, నీటి చికిత్సకి 20. చట్టం, వ్యాపారం, వృత్తిధర్మం కలిపి 45. ఆరోగ్యం, శుభ్రత, ప్రథమ చికిత్సకి 20. ఆఖర్న బతికున్న మనుషుల మీద పర్యవేక్షణలో 50. చిల్లర లెక్కలు సరిగ్గా 500కి వస్తాయి, నేను కూడి చూశాను. వారానికి 20 గంటలు వేసుకున్నా ఆరు నెలలు. ఇది కాక స్కూల్లో చేరేముందే విద్యార్థిగా ఓ పర్మిట్టు. తర్వాత 110 నిమిషాల్లో 100 ప్రశ్నల పరీక్ష, దాన్ని ఎమ్‌బ్లెక్స్ అంటారట. వేలిముద్రలు తీసుకుని నేరచరిత్ర ఉందేమో వెతుకుతారు. ఇవన్నీ అయ్యాక ఫోటో అంటించిన లైసెన్సు గోడకి, వచ్చినవాళ్ళకి కనిపించేచోట తగిలించాలి. రెండేళ్ళకోసారి మళ్ళీ 12 గంటలు చదివి రెన్యూ చేయించుకోవాలి.

నవలలు రాయడానికి ఒక్క గంట చదువూ అక్కర్లేదు సుమా! దానివల్ల ఎవరికీ వెన్ను విరగదనేమో.

రిఫ్లెక్సాలజీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. దాని దగ్గర పాదాల పటం ఒకటుంది, రంగురంగుల జిల్లాల్లాగా. కుడి పాదంలో కాలేయం, ఎడమ పాదంలో గుండె, బొటనవేలిలో తల. ఇదేదో మన ఋషులో చీనా ఋషులో రాశారనుకునేరు! ఈ పద్ధతికి నాంది పలికింది అమెరికాలో ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఒంటిని నిలువునా పది పట్టీలుగా విభజించి, ఒక పట్టీలో ఒకచోట నొక్కితే అదే పట్టీలో మరోచోట ఫలితముంటుందని 1917లో పుస్తకం వేశాడు. దాన్ని పాదాలకి దింపి పటం గీసింది యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ. ఫిజియోథెరపిస్టు. 1938లో పుస్తకం రాసి, ఊరూరా తిరిగి నేర్పింది. డాక్టరు గారు ఒళ్ళంతా పంచిపెట్టిన దాన్ని ఒక ఆడమనిషి కాళ్ళ దగ్గర కూర్చుని కుదురుగా సర్దిందన్నమాట.

పటం నిజమేనా అంటారా? పాదంలో నొక్కితే కాలేయం జబ్బు నయమవుతుందనడానికి గట్టి రుజువులు లేవు. ఆ మాట చెల్లాయే చెప్పింది. "థైరాయిడ్ తగ్గుతుందా అని అడుగుతారక్కా. తగ్గదు, మాత్ర మానొద్దు అంటాను. నిద్ర పడుతుందా అంటే, చాలామందికి నా బల్లమీదే పడుతుంది అంటాను." నాకు ఆ జవాబు నచ్చింది.

ఈ పాదాల విద్యకి రాష్ట్రానికో రూలు. వాషింగ్టన్ రాష్ట్రం 2013 నుంచి రిఫ్లెక్సాలజిస్టులకి విడిగా సర్టిఫికెట్ ఇస్తోంది. దానికి 200 గంటల చదువు చాలు. కేన్సస్‌లాంటి చోట మసాజ్‌కే రాష్ట్రం తరపున లైసెన్సు లేదు. ఒకే దేశంలో, ఒకే కాలు, సరిహద్దు దాటితే చట్టం మారిపోతుంది.

దాని క్లాసులో ఓ కొరియా ఆవిడ ఉండేదట. "మా దేశంలో నాకు ఈ లైసెన్సు ఇవ్వరు, నాకు కళ్ళున్నాయి కాబట్టి" అందట ఓరోజు. చెల్లాయి ముందు హాస్యమనుకుంది. హాస్యం కాదు. దక్షిణ కొరియాలో మసాజ్ లైసెన్సు చూపు లేనివారికి మాత్రమే. వాళ్ళ బతుకుతెరువుకని ఆ వృత్తిని వాళ్ళకే అట్టేపెట్టారు. కళ్ళున్నవాళ్ళు కోర్టుకెక్కితే 2006లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన చెల్లదంది. అంధులు వీధుల్లోకొచ్చారు. హాన్ నది వంతెన మీంచి నీళ్ళలోకి దూకారు. ఆ ఏడే పార్లమెంటు ఆ హక్కుని చట్టంలోనే రాసింది. 2008లో అదే న్యాయస్థానం ఈసారి సరేనంది. ఆ సంగతి విన్నాక నేను లైసెన్సు కాగితాన్ని ఇంకోలా చూడ్డం మొదలుపెట్టాను. మనం ఫ్రేము కట్టి గోడకి తగిలించే కాగితం కోసం అక్కడ మనుషులు నదిలో దూకారు మరి.

నేనున్న రోజుల్లోనే ఒక సంఘటన జరిగింది. ఆ అపార్టుమెంట్లలోనే ఉండే గుంటూరు అమ్మాయికి నెలలు నిండాయి. వాళ్ళత్తగారు సాయానికి వచ్చింది. వచ్చిన మూడోరోజు ఆవిడ చెల్లాయి దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "విమానంలో ఇరవై గంటలు కూచున్నానమ్మా, ఈ పిక్క పట్టేసింది, కాస్త నూనె రాసి గట్టిగా లాగు, నీకు లైసెన్సు ఉందటగా" అంది. చెల్లాయి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమ పిక్క ఉబ్బి ఉంది, ఎర్రగా ఉంది. చేత్తో తాకితే వేడి. కుడిది మామూలుగా ఉంది.

"నేను ముట్టుకోనండీ. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి" అంది.

ఆవిడకి కోపం వచ్చింది. "డబ్బు ఇవ్వననుకుంటున్నావా? ఎంతో చెప్పు, డాలర్లే ఇస్తాను" అంది. కోడలికీ మొహం చిన్నబోయింది. ఊరుకాని ఊళ్ళో అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళడమంటే ఇన్సూరెన్సు గుండె దడ ఒకటుంటుంది కదా! చెల్లాయి వినలేదు. తనే కారు తీసింది. స్కాన్‌లో తేలింది, లోపలి రక్తనాళంలో గడ్డ కట్టింది. దాన్ని గట్టిగా మర్దిస్తే ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు. వెళితే ప్రాణం మీదికే.

నేను ఆ రాత్రి కాగితం మళ్ళీ తీసి చూశాను. జబ్బుల గురించి 40 గంటలు. ముట్టుకోవడం నేర్పే చదువులో ముట్టుకోకూడదని నేర్పే గంటలు అవి. ఆవిడ కోలుకుంది. మనవరాలిని ఎత్తుకుంది. చెల్లాయి పసుపూ కుంకాలకి పిలిచినప్పుడు వచ్చి తాంబూలం తీసుకుని, "చెయ్యనన్నందుకు ఫీజు ఎంతమ్మా?" అని నవ్వింది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో నీళ్ళుపోసే మనిషి ఒకావిడ ఉండేది. ఏ ఇంట్లో పురుడొచ్చినా పదకొండోనాటినుంచీ తెల్లారగట్ల ఆవిడ రావలసిందే. బారజాపుకున్న కాళ్ళమీద పసిగుడ్డును బోర్లా వేసుకుని, నూనె రాసి, చేతులూ కాళ్ళూ మెలితిప్పి, నలుగు పెట్టి కుంకుళ్ళతో రుద్ది, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి ఇస్తే ఆ పిల్ల మధ్యాహ్నం దాకా లేచేది కాదు. తర్వాత బాలింత వంతు. నడుంలో ఎక్కడ నొక్కాలో ఆవిడ వేళ్ళకి తెలుసు. నా తరం మా ఇంటి పిల్లలందరం ఆ కాళ్ళమీద పెరిగాం. ఆవిడకి ముట్టేది శేరు బియ్యం, పాత చీర, పెళ్ళిళ్ళకి కొత్త చీర. ఒంటినిండా ఆ చేతులు పాకనిచ్చిన ఇంట్లోనే ఆవిడకి కాఫీ ఇచ్చే గ్లాసు వేరు. వాకిట్లో చూరులో బోర్లించి ఉండేది. తాగి, తనే కడిగి, మళ్ళీ బోర్లించి వెళ్ళేది. బిడ్డ తల మీద వెయ్యనిచ్చిన చెయ్యి మా గ్లాసుకి పనికిరాలేదు.

ఆవిడకి ఏ కాగితమూ లేదు. ఉంటే? కాగితం ఉంటే చెవుల్లో, ముక్కుల్లో నూనె పొయ్యకూడదని ఎవరో ఒకరు ఆవిడకి చెప్పి ఉండేవారు. ఇప్పటి డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నది దాని గురించే. నిజమే. కానీ ఆ కాగితం కోసం 500 గంటలు ఎవరు కూర్చోబెట్టేవారు? ఆ గంటల్లో ఆవిడ పిల్లలకి గంజి ఎవరు పోసేవారు? చెల్లాయి దగ్గర కూడా కిరాణా కొట్టు జీతంలో దాచిన డబ్బూ, ఇంగ్లీషూ ఉన్నాయి కాబట్టి సాగింది. క్లాసులో సగంలో మానేసినవాళ్ళున్నారట. వాళ్ళ చేతులు బాగాలేక కాదు.

టెక్సాస్ చట్టంలో నన్ను ఆకట్టుకున్న మాట ఇంకొకటుంది. మసాజ్ థెరపిస్టు అంటే ప్రతిఫలం పుచ్చుకుని ఆ పని చేసే మనిషి. ప్రతిఫలం! అంటే రూపాయి చేతులు మారిన క్షణం నుంచే చట్టానికి మెలకువ వస్తుందన్నమాట. ఆరునెలల వీసా మీద వెళ్ళి మనవలకి నూనె రాసి నీళ్ళుపోసే అమ్మలూ అత్తలూ, రాత్రి పనంతా అయ్యాక మొగుడి కాళ్ళు ఒత్తే ఇల్లాళ్ళూ, అందరూ దాని పరిధికి బయటే. వాళ్ళ చేతులకి ఖరీదు లేదు గనక లైసెన్సు లేదు, లైసెన్సు లేదు గనక సెలవూ లేదు.

మన దేశం మాటేమిటంటారా? ఫిజియోథెరపిస్టుల్లాంటివారి కోసం 2021లో పార్లమెంటు చట్టం చేసింది. మసాజ్ చేసే మనిషికంటూ దేశమంతటికీ ఒక లైసెన్సు లేదు. స్పా థెరపిస్టు కోర్సులు ఉన్నాయి, చేరితే చేరొచ్చు. పుత్తూరులో ఎముకల కట్టు కట్టే కుటుంబం విద్య తాతలనుంచి మనవలకి వచ్చింది, జనం దానికి తలవంచి వరసలో కూర్చుంటారు. అదే ఒక ఆడపిల్ల స్పాలో పనిచేస్తుందంటే పత్రిక తెరవగానే "స్పా ముసుగులో" అన్న శీర్షిక. ఆ మాట పత్రికల వాళ్ళు అచ్చు పోసి పెట్టుకున్నట్టున్నారు.

ఢిల్లీలో 2021లో మసాజ్ సెంటర్లకి నిబంధనలు ప్రకటించారు. ఫిజియోథెరపీలోనో ఆక్యుప్రెషర్‌లోనో సర్టిఫికెట్ ఉండాలన్న మాట అందులో ఉంది. కాని ఎక్కువ శ్రద్ధ గదుల తలుపులకి గడియలు ఉండకూడదు, మగవాళ్ళకి ఆడవాళ్ళు, ఆడవాళ్ళకి మగవాళ్ళు చెయ్యకూడదు అన్నవాటి మీదే. ఆ రెండో నిషేధం అమలుకాకుండా ఆ డిసెంబరులో హైకోర్టు ఆపింది. టెక్సాస్ వాళ్ళేదో దేవతలని చెప్పబోవడం లేదు. ఆ మురికి అక్కడా ఉంది. ఆ వేలిముద్రలు అందుకే. మనుషుల అక్రమ రవాణా గురించి గోడమీద బోర్డు పెట్టాలన్న రూలూ అందుకే. అయినా అక్కడి జాబితా ఎముకలతో మొదలవుతుంది, మనది గడియతో మొదలైంది.

పిన్ని అడిగిన ప్రశ్నకి జవాబు ఆ పుస్తకాల్లోనే దొరికింది నాకు. మొదటిసారి వచ్చిన మనిషితో ముందు కూర్చుని మాట్లాడాలి. ఒంట్లో ఏయే భాగాలకి ఏం చేస్తారో రాసి సంతకం పెట్టించుకోవాలి. పనిచేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్ళు దుప్పటితో కప్పి ఉంచాలి. వచ్చినవాడు మాటతో గాని చేత్తో గాని వెకిలివేషం మొదలెడితే థెరపిస్టు అక్కడికక్కడే ఆపెయ్యాలి. ఆపెయ్యొచ్చు అని కాదు, ఆపెయ్యాలి. నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. పాతికేళ్ళుగా ఆఫీసుల్లో, బస్సుల్లో, బంధువుల పెళ్ళిళ్ళలో మనం "పోనీలే" అని సర్దుకున్నవి ఎన్నో గుర్తొచ్చాయి. మన ఉద్యోగాల్లో ఎన్నిటికి ఇలాంటి వాక్యం రాసిపెట్టి ఉంది?

"ఎప్పుడైనా ఆపావుటే?" అని అడిగాను.

"రెండుసార్లు. ఒకసారి డబ్బు వెనక్కివ్వలేదు కూడా" అంది చపాతీ వత్తుతూ. దాని మణికట్టుకి పట్టీ ఉంది. రోజుకి నలుగురికంటే ఎక్కువమందిని తీసుకోదు, తీసుకుంటే తన చేతులే పోతాయంది. లక్ష్మీదేవి సంగతి చెప్పాను. నవ్వి, "ఆవిడ బొటనవేలితో నొక్కకూడదక్కా, మోచేత్తో నొక్కమను. కీళ్ళు అరిగిపోతాయి" అంది.

లైసెన్సు వచ్చినరోజు దాన్ని ఫోటో తీసి పిన్నికి పంపింది. పిన్ని నాలుగు రోజులు ఏమీ అనలేదు. అయిదోరోజు బాబాయిని కలర్ ప్రింటు తియ్యించుకు రమ్మని పంపి, ఫ్రేము కట్టించి, హాల్లో మనవడి గ్రాడ్యుయేషన్ ఫోటో పక్కన పెట్టింది. మా తమ్ముడు దాన్ని చూసి ఏమీ అనలేదు. మొన్న సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు పక్కింటావిడ పేరంటానికి వచ్చి దానివంక కళ్ళు చికిలించి, "ఏమిటండీ ఇది పిన్నిగారూ?" అంది.

"మా అమ్మాయిది. టెక్సాస్ గవర్నమెంటు వాళ్ళిచ్చారు" అంది పిన్ని.

"డాక్టరా?"

పిన్ని నావైపోసారి చూసింది. పళ్ళెంలో పసుపు సర్దుకుంటూ, "కాదు. మనుషులకి ఒళ్ళు నొప్పులు తీస్తుంది. కాళ్ళు కూడా పడుతుంది" అంది. ఆ తర్వాత వంగి, ఆవిడ పాదాలకి పసుపు రాసింది.